తాళంచెవులు వార్డెనమ్మ దగ్గర

ఏటి ఒడ్డున ఉన్న ఏ ఊరికైనా వెళ్ళి, వరదొస్తే తలదాచుకునే పునరావాస కేంద్రం తాళంచెవులు ఎవరి దగ్గర ఉన్నాయని అడగండి. ఏ అధికారి పేరూ చెప్పరు. ఫలానా వీధిలో ఒక పెద్దావిడ ఉంది, ఆవిడ నోటికి జడిసి ఆ వీధిలో కుక్కలు కూడా మొరగవు, ఆవిడ దగ్గరున్నాయి అంటారు. రాష్ట్ర ప్రభుత్వానికి ఇంత తెలివి ఎక్కడినుంచి వచ్చిందా అని బుగ్గలు నొక్కుకోకండి. ప్రభుత్వానికి అది ఒక కోడలి వల్ల వచ్చింది. కోడలికి అత్తగారి వల్ల వచ్చింది. అదీ తేలిగ్గా రాలేదు, ముక్కుపిండి నేర్పితే వచ్చింది.

ఆ కోడలు రాష్ట్ర విపత్తు నిర్వహణ కార్యాలయంలో ప్రణాళికల విభాగం చూసేది. వరదొస్తే ఎవరు ఎక్కడికి పోవాలి, ఏ బడిలో ఎన్ని గదులున్నాయి, దుప్పట్లు ఎక్కడ దాచాలి, జనరేటరులో డీజిలు ఎవరు పోస్తారు, ఇవన్నీ ఎండలు మండిపోయే రోజుల్లోనే ఆలోచించి పెట్టడం ఆమె ఉద్యోగం. మబ్బుతునక లేని రోజున కూడా మేడ కనబడితే చాలు, మెట్లెక్కి చూసొచ్చేది. పెళ్ళికి పిలిస్తే వధూవరుల కంటే ముందు హాలు వెనక మరుగుదొడ్లు చూసేది. వీధిలో వాళ్ళు ఆమెకు వరద కోడలని పేరు పెట్టారు. ఆమెను చూసి మిట్టమధ్యాహ్నం గొడుగులు తెరిచి నవ్వినవాళ్ళూ ఉన్నారు. ఆమె కోపం తెచ్చుకునేది కాదు. రేపు ఆ నవ్వేవాళ్ళని గట్టెక్కించాల్సింది కూడా తనే కదా అనుకునేది.

ఇక అత్తగారు. ఆడపిల్లల హాస్టల్లో వార్డెనుగా చేసి రిటైరైన మనిషి. హాస్టలు వదిలింది గానీ వార్డెనరికం వదల్లేదు. కుళాయి దగ్గర ఎవరైనా వరస తప్పితే ఆవిడ గుమ్మంలో నిలబడి ఒక్కసారి దగ్గేది. ఆ దగ్గుకి బిందెలన్నీ బుద్ధిగా వెనక్కి జరిగేవి. వీధిలో ఎవరింట్లో మంచి చెడ్డా జరిగినా ముందు ఆవిడ చెవిన వేయాల్సిందే. వార్డెనమ్మ సరేనంటే సరే, కాదంటే కాదు.

కోడలు ఉద్యోగంలో చేరిన కొత్తలోనే ఏరు పొంగింది. మిట్ట మీద కాలేజీలో ఆమె అన్నీ సిద్ధం చేయించింది. ఇంటికి ఫోన్ చేసి, వెంటనే బయల్దేరాలని ఆర్డరు వేసినట్టే చెప్పింది. అత్తగారికి ఆ గొంతు నచ్చలేదు. "వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికి తెలుసమ్మాయ్. నా ఇల్లు వదిలి పరాయి నేల మీద పడుకోను" అని ఫోన్ పెట్టేసింది. వీధి మొత్తం ఆవిడ గుమ్మం వైపు చూసింది. వార్డెనమ్మే కదల్లేదు, మనకేం తొందర అనుకుంది. తీరా నీళ్ళు వచ్చాక అందరూ డాబాల మీదికెక్కి పడవల కోసం కేకలు పెట్టారు. పడవలవాళ్ళొచ్చి అందరినీ దించారు, ఒక్క ఇస్త్రీ బండి ఆయన్ని తప్ప. బండి కొట్టుకుపోతోందని ఆయన కిందికి దిగాడు, మళ్ళీ పైకి రాలేదు.

ఆ తర్వాత రాష్ట్రంలో మిగతా ఊళ్ళన్నీ కోడలి మాట వినడం మొదలుపెట్టాయి. హెచ్చరిక రాగానే జనం కదిలేవారు, పై అధికారులు ఆమెను మెచ్చుకునేవారు. కానీ ఏ మీటింగులో చప్పట్లు కొట్టినా ఆమెకు తన వీధే గుర్తొచ్చేది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈవిడ రచ్చ గెలిచింది, ఇంట మాత్రం ఓడిపోయి కూర్చుంది. మళ్ళీ వరదొస్తే ఈ వీధి మళ్ళీ ఆ గుమ్మం వైపే చూస్తుందని, మళ్ళీ ఎవరో ఒకరు పోతారని ఆమెకు భయం. వాన చప్పుడు వింటే ముద్ద దిగేది కాదు.

అందుకే పట్టుబట్టి తన వీధిలోనే మాక్ డ్రిల్ పెట్టించింది. తప్పు కూడా అక్కడే చేసింది. అరవై దాటినవాళ్ళందరినీ మోసుకెళ్ళాలని రూలు రాసింది తనే. ఆ అరవై దాటినవాళ్ళలో అత్తగారు కూడా ఉందన్న సంగతి రాసేటప్పుడు తట్టలేదు. డ్రిల్ రోజున పసుపు జాకెట్లు వేసుకున్న వాలంటీర్లు నలుగురు స్ట్రెచరు పట్టుకుని తిన్నగా వార్డెనమ్మ గుమ్మంలోకి వచ్చారు. మామ్మగారూ పడుకోండి, మేం మోసుకెళ్తాం అన్నారు.

వార్డెనమ్మ స్ట్రెచరుని కిందా మీదా చూసింది. లోపలికెళ్ళి రెండు పరుపులు, నాలుగు దిండ్లు తెచ్చి దాని మీద పేర్చింది. "డాబా మీద ఎండలో వేసి, సాయంత్రం దులిపి తెచ్చివ్వండి" అంది. వాళ్ళు బుద్ధిగా మోసుకుపోయారు. వీధి పడీపడీ నవ్వింది. పసుపు జాకెట్టు వేసుకుని సందు మొదట్లో నిలబడ్డ కోడలు, భూమి చీలితే అందులోకి దిగిపోదామనుకుంది.

ఆ పూట నుంచి ఇంట్లో మాటల్లేవు. ఏం చెప్పాలన్నా అత్తగారు కొడుకుతోనే చెప్పేది, నీళ్ళు కాగాయని మీ ఆవిడతో చెప్పు అని. ఆ మీ ఆవిడ పక్కనే నిలబడి ఉండేది. మందుల షాపు నడుపుకునే ఆ కొడుకు అడకత్తెరలో పోకచెక్కలా నలిగిపోయాడు. అందరికీ తలనొప్పి మాత్రలిచ్చే మనిషి తనే రెండు వేసుకునే స్థితికి వచ్చాడు.

ఒక సెలవు రోజున కోడలు కాలేజీ హాలు నక్షా నేల మీద పరిచి మొగుడి దగ్గర మొర పెట్టుకుంటోంది. ఏ ఊళ్ళో చూసినా జనాన్ని కేంద్రానికి తేవడం ఒక ఎత్తు, ఉంచడం ఒక ఎత్తు. కిటికీ పక్క చోటు కోసం తగువులాడుకుంటారు, రెండో రోజుకే అలిగి, నీళ్ళు తగ్గకముందే ఇంటిదారి పడతారు. గుమ్మంలో కూర్చుని చిక్కుళ్ళు తుంచుతున్న అత్తగారు ఇదంతా వింటోంది. వింటూ ఊరుకోవడం ఆవిడ వల్ల అయ్యే పని కాదు.

"కిటికీ పక్క ఎవరికీ ఇవ్వకూడదు" అంది చిక్కుళ్ళతోనే మాట్లాడుతున్నట్టు. "అది నడిచే దారి అని మొదటి రోజే చెప్పెయ్యాలి."

కోడలు నక్షాని మెల్లగా గుమ్మం వైపు జరిపింది. అత్తగారు గిన్నె పక్కన పెట్టి నక్షా దగ్గరికి జరిగింది. చంటిపిల్లల తల్లులు కుళాయి దగ్గర ఉండాలంది. గురక పెట్టేవాళ్ళందరినీ ఒకే గదిలో వేస్తే ఎవరి గురక ఎవరికీ వినబడదంది. పెద్దవాళ్ళు తలుపు దగ్గరుండాలి, వాళ్ళ కన్నుగప్పి చీమ కూడా బయటికి పోదంది. పోట్లాడుకునే ఇద్దరిని విడదీస్తే హాలంతా రెండు పార్టీలవుతుందట, ఇద్దరికీ కలిపి ఒకటే పని అప్పజెప్పాలట. చెబుతూ చెబుతూ ఆవిడ ముఖంలో పదేళ్ళ వయసు తగ్గింది.

చంకలో పిల్లను పెట్టుకుని సంతంతా వెతికినట్టు ఉంది కోడలి పరిస్థితి. వందలమందిని ఒకే కప్పు కింద ఉంచి, తిండి పెట్టి, నిద్రపుచ్చిన మనిషి ఇంట్లోనే ఉంది. తను ఆవిడకి స్ట్రెచరు పంపించింది. ఆమెకు సిగ్గేసింది, వెంటనే పట్టరాని సంతోషమూ వేసింది.

మర్నాడు తమ ఆఫీసు కమిషనరు దగ్గరికి వెళ్ళి సంగతి విప్పింది. ప్రతి వీధిలో జనం ఎవరి మాట వింటారో కనుక్కుని, ఆ పెద్దవాళ్ళకే కేంద్రం అప్పగిద్దామంది. కమిషనరు చెడ్డవాడేం కాదు, జాగ్రత్త మనిషి. పెద్దవాళ్ళు మనం సాయం చేయాల్సినవాళ్ళు గానీ మనకి సాయం చేయాల్సినవాళ్ళు కాదు కదా అన్నాడు. వరద హడావుడిలో ఏ పెద్దావిడో జారిపడితే జవాబు ఎవరు చెప్పాలన్నాడు.

"మా అత్తయ్యని కాపాడతామంటే రాదు సార్" అంది కోడలు. "పనుందంటే అందరికంటే ముందొస్తుంది. ఆవిడొస్తే వీధి వస్తుంది."

కమిషనరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మా అమ్మా అంతేనని గొణిగి నవ్వాడు. ముందు మీ వీధిలో గెలిచి చూపించండి, రాష్ట్రం సంగతి తర్వాత చూద్దాం అని సంతకం పెట్టాడు.

సంతకం ఒక లెక్కా? అత్తగారిని అడగడం అసలు పరీక్ష. కోడలు ఆ సాయంత్రం తాళంచెవుల గుత్తి ఆవిడ ముందు పెట్టింది. ఆర్డరు వేయలేదు, బతిమాలలేదు. కాలేజీ కేంద్రానికి వార్డెను కావాలి, చేస్తారా అని మాత్రం అడిగింది.

అత్తగారు గుత్తిని ముట్టుకోలేదు. "ఆ రోజు నేను కదిలుంటే ఇస్త్రీ ఆయన బతికుండేవాడు" అంది. ఆ మాట అంతవరకూ ఆ ఇంట్లో ఎవరూ పైకి అనలేదు.

"నేను సరిగ్గా అడిగుంటే మీరు కదిలేవారు అత్తయ్యా" అంది కోడలు. ఇద్దరి కళ్ళూ నిండాయి. అత్తగారు ముందుగా తేరుకుంది. ఏ తాళం ఏ గదిదో ఒక్కొక్కటే చెప్పమంది. నన్ను ఎవరైనా మోయడానికి వస్తే మాత్రం కాళ్ళు విరగ్గొడతానంది.

వానాకాలం వచ్చింది. ఒకరోజు తెల్లవారేసరికి ఎగువన డ్యాము నిండిపోతోందని, గేట్లు ఎత్తుతారని కబురు. కోడలు రాష్ట్ర కంట్రోల్ రూములో ఉంది. ఏటి ఒడ్డు ఊళ్ళన్నీ ఆమె చేతిలో ఉన్నాయి, తన వీధికి పోయే వీలు లేదు. మధ్యాహ్నం ఖాళీ చేయమన్న ఆర్డరు సిద్ధమవుతుంటే ఇంటికి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మొగుడికి చేసింది, తీయలేదు. షాపు ఫోనూ ఎవరూ ఎత్తలేదు. డాబా మీద నిలబడ్డ జనం, నీళ్ళల్లో పోతున్న ఇస్త్రీ బండి ఆమె కళ్ళముందు మెదిలాయి. చివరికి కాలేజీ కేంద్రానికి చేసింది. ఒక్క మోతకే ఎత్తారు.

"పునరావాస కేంద్రం. ఎవరు మాట్లాడేది?"

"అత్తయ్యా, నేను. వీధి ఖాళీ చేయమని ఇప్పుడే ఆర్డరు ఇస్తున్నాం..."

"ఇప్పుడా? మేం పొద్దున్నే వచ్చేశాం. పిల్లలొచ్చాక గేటు తీసే వార్డెను ఎక్కడైనా ఉంటుందా? మీ ఆయనకి దుప్పట్లు మడతపెట్టడం చేతకావట్లేదు, నేను చూసుకోవాలి. పనేమైనా ఉందా, ఊరికే చేశావా?"

కోడలు కంట్రోల్ రూమంతా ఉలిక్కిపడేలా నవ్వింది.

పొద్దున జరిగిందేమిటో తర్వాత వీధంతా కథలు కథలుగా చెప్పుకుంది. వార్డెనమ్మ గుత్తి పట్టుకుని గుమ్మం గుమ్మానికీ వెళ్ళింది. పారిపొండి అని ఎవరితోనూ అనలేదు. నువ్వు నీళ్ళు చూడాలి, నువ్వు లైట్లు చూడాలి, నువ్వు వంట దగ్గరుండాలి, ఆలస్యమైతే ఆ పని ఇంకొకరికి ఇచ్చేస్తాను అంది. తన పని పక్కింటివాడికి పోతుందంటే ఎవరు ఊరుకుంటారు? గేదెను వదిలి రానన్న పాలాయన్ని గేదెతో సహా రమ్మంది, చంటిపిల్లలకి పాలెవరిస్తారంది. ఏళ్ళుగా మాటల్లేని టైలరుకీ మేస్త్రీకీ కలిపి జనరేటరు అప్పజెప్పింది. ఇస్త్రీ ఆయన భార్యకి మాత్రం ఏ పనీ చెప్పలేదు. నా పక్కనుండు అని చేయి పట్టుకుంది. ఆవిడ ఒక్క క్షణం ఆగి, తలుపుకి తాళం వేసుకుని వచ్చింది. ఆ వీధి కదిలింది ప్రాణభయంతో కాదు. డ్యూటీకి కదిలింది.

సాయంత్రానికి ఏరు వీధిలోకొచ్చింది. కిటికీల పైదాకా పారింది, కుళాయి మునిగింది, డాబాల మెట్లు మునిగాయి. కానీ ఆ నీళ్ళకి ఆ వీధిలో మనిషన్నవాడు దొరకలేదు.

మూడో రోజుకి గానీ కోడలికి సెలవు దొరకలేదు. లారీ ఎక్కి, ఆ తర్వాత పడవెక్కి కాలేజీకి చేరింది. వెనకే కమిషనరు కూడా వచ్చాడు. హాల్లో కిటికీల పక్క దారి ఖాళీగా, శుభ్రంగా ఉంది. గురక గదిలోంచి పట్టపగలే రంపపు మిల్లు నడుస్తోంది. టైలరూ మేస్త్రీ జనరేటరు దగ్గర తిట్టుకుంటున్నారు గానీ, అది ఎవరు బాగా నడుపుతున్నారన్న విషయం మీద. కమిషనరు అక్కడే నిలబడి, ఇక రాష్ట్రమంతా ఇలాగే చేయాలని ఫోన్లో చెబుతున్నాడు.

వార్డెనమ్మ కోడలికి ఎదురొచ్చింది. గొంతు బొంగురుపోయింది, జుట్టు చెదిరింది, తల మాత్రం ఎత్తే ఉంది.

"అందరూ ఉన్నారమ్మాయ్" అంది. "ఈసారి ఒక్కరూ తగ్గలేదు."

కోడలు చేతిలో సంచీ కింద పెట్టేసింది. అక్కడే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. చుట్టూ వీధి జనం మూగారు. ఒకప్పుడు గొడుగులు తెరిచి నవ్వినవాళ్ళలో ఒకాయన గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఆమె చేతికిచ్చాడు.

అత్తగారు వంగి కోడలి తల మీద చేయి వేసింది. "ఏడువు, తనివితీరా ఏడువు" అంది. "కానీ కాస్త పక్కకి జరిగి ఏడువు. ఇది నడిచే దారి."