తిరిగి పుట్టిన తేదీ

ఖరగ్‌పూర్‌లో చదువుకునే రోజుల్లో ఒకసారి, స్టేషన్ వెయిటింగ్ రూమ్‌లో కూర్చుని చర్చిలో చెప్పాల్సిన నా సాక్ష్యం రాసుకుంటున్నాను. మా సంఘంలో బాప్తిస్మానికి ముందు, మారుమనస్సు పొంది తిరిగి పుట్టిన రోజేదో అందరి ముందూ చెప్పాలి. నాకలాంటి రోజేదీ గుర్తులేదు. పాస్టరైన నాన్న అప్పటికే బంధువులందరినీ పిలిచేశారు.

పక్కనున్న పెద్దావిడ నా కాగితంలోకి తొంగి చూసింది. భర్త రైల్వే ఉద్యోగం వల్ల శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిందట.

“తేదీ కాడ ఆగిపోనావేటమ్మా?”

“గుర్తులేదండీ.”

ఆవిడ నా వైపు జరిగింది.

“నాకూ నేదు. పాస్టరుగారు అడిగితే నోటికొచ్చిన రోజు సెప్పీసినాను. ఇరవయ్యేళ్లనుంచీ ఏటా ఆ రోజున సంఘమంతా మా ఇంటికొచ్చి పాటలు పాడి, నాసేత కేకు కోయిస్తారు. ఇప్పుడెలాగ సెప్పను? దేవుడంటే నాకు నిజంగా పేణం తల్లీ. ఆ ఒక్క రోజే పార్తన సెయ్యలేను.”

ఆవిడ బండి ముందొచ్చింది. లేచి వెళ్తూ, నా చేతిలోని పెన్నుకు మూత పెట్టింది.

ఆ ఆదివారం మా ఊళ్లో అందరి ముందూ నిలబడి, “నాకు తేదీ తెలియదు” అన్నాను. నాన్న తలెత్తలేదు. బాప్తిస్మానికి నన్ను నీళ్లలోకి దింపలేదు.

మూడేళ్లయింది. సెలవులకు వెళ్లినప్పుడు, ప్రభువు బల్ల దగ్గర బాప్తిస్మం పొందినవాళ్లకే ఇచ్చే రొట్టె పళ్లెం నా దాకా వస్తే, తీసుకోకుండా పక్కవాళ్లకు అందిస్తాను.