గెట్టు కింది బొగ్గు

మొన్న మిర్యాలగూడ శివారులో ఒక ప్లాటు హద్దు చూపించడానికి వెళ్లాను. కొలతల యంత్రం చూపిన చోట రాయి లేదు, రాయి ఉన్న చోటును యంత్రం ఒప్పుకోలేదు. అనుమానం వచ్చి, యంత్రం చూపిన చోటే గడ్డపారతో తవ్వించాను. మూరెడు లోతు పోగానే మట్టి నల్లగా లేచింది. ముందురోజు వాన పడింది, తడి బొగ్గు వాసన గుప్పుమంది. తవ్వుతున్న మనిషి నవ్వి, "ఎవరో కోడిని కాల్చుకున్నట్టున్నరు మేడం" అన్నాడు. ప్లాటు యజమాని నవ్వలేదు. దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "పూడ్చెయ్యండి మేడం, ఎవరు చూసిన్రు?" అన్నాడు. నేను ఆ గుంత పక్కనే కూలబడ్డాను. ఎండదెబ్బ అనుకుని పాపం వాళ్లు నీళ్లు తెచ్చిచ్చారు. ఎండ కాదు. ఆ మాట నాది. ఏళ్ల కిందట ఇలాంటి గుంత పక్కనే, అచ్చం అదే గొంతుతో, నేను ముత్తమ్మతో అన్న మాట.

ముత్తమ్మ పాలకీడు వైపు ఒక చిన్న ఊరికి సుంకరి. ఊళ్లో రెవెన్యూ వాళ్లకు కబురు మోసేది, హద్దులు చూపించేది, రాళ్లు పాతించేది సుంకరే. ఆ పని వాళ్ల మామ చేశాడు, తర్వాత భర్త మల్లయ్య, మల్లయ్య పోయాక ఆమె. నేను సర్వేయరుగా మొదట చేరింది అక్కడే. కోదాడలో పుట్టి పెరిగిన దాన్ని, పరీక్షలో మంచి మార్కులు వచ్చిన దాన్ని, భూమి అంతా కాగితం మీద ఉంటుందని నమ్మిన దాన్ని. మొదటి రోజే నా చేతిలోని నక్షా చూసి ముత్తమ్మ, "మంచిగ గీసిన్రు. మరి గీ వాగు ఈడ లేదు గదా బిడ్డా, నువ్వు దాంట్ల నిలబడ్డవ్" అంది. కిందికి చూస్తే నిజంగానే చెప్పుల్లోకి నీళ్లు వస్తున్నాయి.

రాయి కింద బొగ్గు ఉంటుందని నాకు చెప్పింది ఆమే. కొత్త రాయి పాతే ముందు గుంతలో బొగ్గులు, పగిలిన కుండ పెంకులు వేయించేది. బొగ్గులు తన పొయ్యిలోంచే మూట కట్టుకొచ్చేది. వేసేది మాత్రం తాను కాదు. అటు రైతు ఒక పిడికిలి, ఇటు రైతు ఒక పిడికిలి వేయాలి. ఇద్దరూ వేస్తే తప్ప రాయి దించనిచ్చేది కాదు. ఎందుకంత పట్టుదల అని అడిగాను. "రాయిని ఎవడన్న జరుపుతడు బిడ్డా. మన్నుల గలిసిన బొగ్గును ఎవడు ఏరుతడు? ఇగ ఇద్దరి చేతులు మసి అయినంక నాకు ఎరుక లేదనేటోడు ఉండడు" అంది. ఆ సాయంత్రం నా పుస్తకంలో ఆ సంగతి రాసుకోబోయి, ఇదేం సర్వే పద్ధతి అనుకుని కొట్టేశాను.

కొలిచే రోజు ఆమె ఎవరింటా చాయ తాగేది కాదు. ఒకసారి ఎండకు తాళలేక నేను ఒక రైతు ఇంటి మంచం మీద కూర్చున్నాను. వాళ్ల పొలమే ఆ రోజు కొలవాలి. ముత్తమ్మ వాకిట్లో నిలబడి, లోపలికి రాకుండా, "లే" అంది. అంత మందిలో నాకు తల కొట్టేసినట్టయింది. నేను ఆఫీసర్ని, ఆమె సుంకరి. దారిలో నేను ముఖం ముడుచుకుంటే, "గెట్టు అవతలోడు నిన్ను గా మంచం మీద సూసిండు. ఇగ నువ్వు దేవుని లెక్క కొలిచినా నమ్మడు" అంది. తర్వాత తన సీసాలో నీళ్లు ఇచ్చింది. నాకు కోపం పోవడానికి వారం పట్టింది. బుద్ధి రావడానికి ఇంకా ఎక్కువే పట్టింది.

ముత్తమ్మకు ఎకరం భూమి ఉండేది. సాగర్ కాలువ చివర, నీళ్లు వస్తే వచ్చినట్టు, లేకుంటే లేనట్టు. పడమటి గెట్టు పక్కన మల్లయ్య సమాధి. నాలుగు ఇటుకలు, పైన సున్నం, అంతే. అన్నం తినే ముందు ఒక ముద్ద అక్కడ పెట్టి, "ఉప్పు ఎక్కువైంది, సర్దుకో" అనేది. బతికున్నప్పుడు కూడా అట్లాగే అనేదట. ఆ గెట్టు అవతల లింగారెడ్డి పొలం. అతను తన భూమి తక్కువ వస్తోందని కొలతకు అర్జీ పెట్టుకున్నాడు. ఊరందరి గెట్లూ తేల్చిన ముత్తమ్మ గెట్టు మీదికే నేను కొలత గొలుసు పట్టుకుని పోవలసి వచ్చింది.

నక్షాలో సరిగ్గా ఆ మూల మడత దగ్గర చిరిగి ఉంది. రాయి మాత్రం సమాధి దాటి, గజం అవతల, ఠీవిగా నిలబడి ఉంది. ఆ రాయిని బట్టి చూస్తే సమాధి ముత్తమ్మ భూమిలోనే. లింగారెడ్డి, అతని మనుషులు దూరంగా మోటారు కొట్టం నీడలో కూర్చున్నారు. రాయి ఉంది కదా, ఇక అయిపోయిందని నేను గొలుసు చుట్టబోయాను. ముత్తమ్మ కదల్లేదు.

"తవ్వవా?" అంది.

"రాయి కనిపిస్తోందిగా ముత్తమ్మా."

"అందరి రాళ్ల కింద తవ్వినం. నా రాయి కింద ఎందుకు తవ్వవు?"

తానే గడ్డపార తీసుకుంది. రాయి కింద ఎర్రమట్టి తప్ప ఏమీ రాలేదు. ఆమె ముఖం మారింది. కాలువ కట్ట మీది రాయికీ, కింది మూల రాయికీ చూపు కలిపి, ఒక కన్ను మూసి, సమాధికి ఇవతలికి, తన పొలంలోకి నడిచింది. అక్కడ తవ్వితే బొగ్గు వచ్చింది. పెంకులు వచ్చాయి. ఆమె చాలాసేపు ఆ బొగ్గును అరచేతిలో పెట్టుకుని కూర్చుంది. "మా మామ పనే. రాళ్లు పాతేటోడే జరిపిండు, ఇగ ఎవనికి అనుమానమొస్తది" అంది. పాపం, ఆ దొంగ రాయిని నమ్మి మొగుణ్ని పరాయి భూమిలో పూడ్చుకుంది.

అప్పుడే అన్నాను నేను, గొంతు తగ్గించి. "పూడ్చెయ్ ముత్తమ్మా. ఎవరు చూశారు?"

ఆమె నా వైపు చూసింది. కోపంగా చూసి ఉంటే ఇన్నాళ్లు గుర్తుండేది కాదేమో. మంచం మీద నుంచి లేపిన రోజు కూడా నన్ను అంత పరాయిదాన్ని చూసినట్టు చూడలేదు. లేచి కొట్టం వైపు కేకేసింది. "పటేలా, గెట్టు ఈడుంది. రా, బొగ్గు సూసుకో."

లింగారెడ్డి వచ్చి చూశాడు. ఆయన చెడ్డవాడు కాదు, ఆ మాట చెప్పాలి. సమాధి వైపు చూసి తలగుడ్డ తీశాడు. "మల్లయ్య జోలికి నేను పోను ముత్తమ్మా. ఆడనే ఉంటడు. నువ్వు ఎప్పటి లెక్కనే వచ్చిపో" అన్నాడు. ముత్తమ్మ నా వైపు తిరిగి, "గా మాట నీ పంచనామాల రాస్తవా బిడ్డా" అని అడిగింది. ఆమె తనకోసం నన్ను ఏదైనా అడగడం అదే మొదలు. నోటిమాటలు పంచనామాలో రాయకూడదు, కొలతలు, సాక్షుల సంతకాలే రాయాలి అన్నాను. నిబంధన అదే. కానీ నిబంధన కోసం నేను ఆ మాట అనలేదు. ఆ చూపుకు నాకు రోషం వచ్చింది. బొగ్గు వచ్చిన చోటే రాయిని మళ్లీ పాతాం. ఆమె వేలిముద్ర వేసి, మసి చేతిని కొంగుకు తుడుచుకుంది.

కొన్నేళ్లకు లింగారెడ్డి పోయాడు. కొడుకులు ఆ పొలాన్ని బియ్యం మిల్లు పెట్టే వాళ్లకు అమ్మారు. జేసీబీ వచ్చి ఒక్క పూటలో సమాధితో సహా అంతా చదును చేసింది, చుట్టూ గోడ లేచింది. అప్పటికి నాకు మిర్యాలగూడ బదిలీ అయింది. ముత్తమ్మ బస్సెక్కి ఆఫీసుకు వచ్చింది. ఏడవలేదు, నన్ను ఒక్క మాట అనలేదు. "కాయితం ఏది అంటున్నరు బిడ్డా. నా తాన లేదు. ఆయన ఏడున్నడో కొలిచి సూపెట్టు, సాలు" అంది. ఆదివారం నేను టేపు పట్టుకుని వెళ్లాను. గేటు దగ్గర వాచ్‌మన్ లోపలికి రానివ్వలేదు. ముత్తమ్మ పొలంలోంచే, మేము పాతిన రాయి దగ్గర నిలబడి, గోడకు సుద్దతో ఒక గీత గీశాను. దీనికి సూటిగా అవతల రెండు గజాల దూరంలో అన్నాను. ఆమె ఆ గీత ముందు ముద్ద పెట్టింది. మొదటి వానకు ఆ గీత పోయి ఉంటుంది.

సూర్యాపేట దవాఖానలో ఆమె పోయిందని తెలిసి వెళ్లేసరికి ఆమె పొలంలో గుంత తవ్వబోతున్నారు. ఆమె అక్క కొడుకు చెప్పాడు, చివరిదాకా ఒకటే మాటట. "గోడ పక్కకే పెట్టున్రి. గాని గెట్టు దాటకున్రి, జానెడు కూడ." వాళ్లు నన్నే కొలవమన్నారు. కొలిచాను. తలవైపున చిన్న రాయి పాతారు. దాని కింద నేను ఒక పిడికిలి బొగ్గు వేశాను. రెండో పిడికిలికి గోడ అవతల ఎవరూ లేరు.

మొన్న మిర్యాలగూడలో లేచి మట్టి దులుపుకుని, పక్క ప్లాటు వాళ్లను పిలిపించాను. అసలు హద్దు ఇదేనని గుంత చూపించాను. యజమాని నా మీద పై ఆఫీసుకు ఫిర్యాదు చేస్తానన్నాడు, చేసే ఉంటాడు. ఇప్పుడు నేను పంచనామాలో నోటిమాటలు కూడా రాస్తాను. ఎవరు ఏమని మాట ఇచ్చారో, ఎవరి ఎదుట ఇచ్చారో రాస్తాను. పై అధికారి ఎర్ర సిరాతో కొట్టేస్తాడు. మళ్లీ రాస్తాను. ఎన్ని రాసినా, ముత్తమ్మ అడిగిన ఆ ఒక్క మాట రాసినట్టు కాదు.