కోడెకు చేసినట్టే

నా చిన్నప్పటి సంగతి ఏది చెప్పినా గాలి కొట్టి చెబుతానని మా ఇంట్లో అందరికీ తెలుసు. మీకూ ముందే చెప్పేస్తున్నాను. పిల్లి ఎదురైతే చిరుతపులి అంటాను. ఇది కూడా ఆ లెక్కనే చదువుకోండి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, భద్రాచలం అడవి అంచున ఉన్న మా ఊళ్లో, నాకు పదమూడో ఏట గొంతు గీరుకుపోవడం మొదలైంది. పై పెదవి మీద మొలిచిన నాలుగు వెంట్రుకలను చూసుకుని, ఫారెస్టోళ్లు కొలతలకు వస్తారేమోనని ఎదురుచూశాను. ఒంట్లో ఇంకా ఏమేం మారతాయో చెప్పేవాళ్లు లేరు. బడిలో ఆ పాఠం వచ్చిన రోజు సారు "ఇంటికాడ చదువుకోండ్రి" అని పేజీలు తిప్పేశాడు.

ఆ ఎండాకాలం మా తాతయ్య కోడెకు వట్టలు కొట్టించాడు. అరకకు లొంగాలంటే అలా చేయించడం మా వైపు మామూలే. దాన్ని పడేసి, కాళ్లు కట్టి, వెదురు బద్దల మధ్య బిగించి నలగ్గొట్టారు. ఆ అరుపుకు గోదావరి ఒక్క క్షణం ఆగి మళ్లీ కదిలింది. నేను రెండు చేతులూ లాగు ముందు అడ్డం పెట్టుకుని చూస్తుంటే తాతయ్య నవ్వాడు.

"ఏందిరా గట్ల చూస్తున్నవ్? ఎక్కువ ఎగిరితే నీకు గూడ గిట్లనే కొట్టిస్త."

అందరూ నవ్వారు. నేను నమ్మాను.

కొన్నాళ్లకు ఒక పొద్దున కుడి వట్టలో నొప్పితో మెలకువ వచ్చింది. పొత్తికడుపులోకి ఎవరో గడ్డపార దించుతున్నట్టుంది. వాంతి కూడా అయింది. ఏం తిన్నావని అమ్మ అడిగితే నేరం పచ్చి మామిడికాయ మీదికి తోశాను. అసలు చోటు చెబితే వెదురు బద్దలు వస్తాయి కదా! వాపు పెరుగుతున్నా పొద్దు వాలేదాకా గొడ్ల కొట్టం వెనక ముడుచుకుని, పళ్లు బిగబట్టి పడుకున్నాను.

గొడ్లకు కుడితి పెట్టడానికి వచ్చిన తాతయ్య నన్ను చూశాడు. నా చెయ్యి ఎక్కడుందో కూడా చూశాడు.

"పొద్దుగాల నుంచి నొస్తుంటే ఎవ్వలకు చెప్పలేదెందుకురా బిడ్డా?"

"కోడెకు చేసినట్టే చేస్తవని."

అంత నల్లటి మనిషి మొహం సున్నం కొట్టినట్టు తెల్లబోయింది.

సారపాక కాగితం మిల్లుకు జామాయిల్ కర్ర తోలుతున్న లారీని ఆపి, నన్ను ఒళ్లో పెట్టుకుని ఎక్కాడు. గుంత గుంతకూ నేను ఆకాశం తాకి వచ్చాను. వంతెన దాటి దవాఖానా చేరాక డాక్టరు విప్పి చూశాడు. లోపల వృషణం తాను వేలాడే తాడు మీదే మెలి తిరిగిపోయి, నెత్తురు అందక చచ్చిపోయిందన్నాడు. ఎదిగే మగపిల్లలకు ఇలా జరుగుతుందట. "పొద్దున్నే తెస్తే దక్కేదేమో, పెద్దాయనా" అన్నాడు. తాతయ్య గోడ పట్టుకుని నిలబడ్డాడు. దాన్ని తీసేశారు. రెండోది మెలి పడకుండా లోపలే కుట్టేశారు.

తెలివొచ్చాక నేను అడిగిన మొదటి మాట, "తాతా, నేను ఎద్దునయిపోయిన్నా?"

"కాలేదు బిడ్డా. ఒక్కటున్నా అన్ని జరుగుతయి. గొంతు మారుతది, మీసమొస్తది, పెండ్లయినంక పిల్లలు పుడతరు."

నేను గోడవైపు తిరిగాను. తాతయ్య పక్క మంచాల వైపు ఓసారి చూశాడు. తర్వాత వంగి నా చెవిలో అన్నాడు: "నాకు గూడ ఒక్కటేరా. నీ ఈడులనే పోయింది. మీ నాయిన ఎట్ల పుట్టిండు మరి?"

మా నాయన, బాబాయిలు, అత్తలు, ఆ పెద్ద మందంతా కళ్ల ముందు వరసగా నిలబడ్డారు. అప్పుడు గానీ నిద్ర పట్టలేదు.

ఆ తర్వాత తాతయ్య ఏ పిల్లవాణ్ణీ ఒంటి మీది చోటు చూపించి బెదిరించలేదు, ఎవరినీ బెదిరించనివ్వలేదు. నాకు మీసం వచ్చింది, పిల్లలూ పుట్టారు. మా వాడికి మీసం రాకముందే ఒంట్లో ప్రతి భాగం పేరూ సిగ్గుపడకుండా చెప్పాను. అక్కడ నొస్తే ఎంత గాఢనిద్రలో ఉన్నా నన్ను లేపమన్నాను.

తాతయ్య పోయినప్పుడు స్నానం చేయించింది నేనే. అప్పుడు చూశాను, ఆయనకు రెండూ ఉన్నాయి.

గోదావరి ఆగడం, నేను ఆకాశం తాకడం మీరెలాగూ నమ్మి ఉండరు. అసలు నేను కల్పించింది 'రెండూ ఉన్నాయి' అన్న ఆ చివరి మాట. నీళ్లు పోసినంతసేపూ నేను తల పక్కకు తిప్పుకునే ఉన్నాను. ఆయన నాకు చెప్పింది నిజమో, నా కోసం అల్లిందో నాకు తెలియదు. తెలుసుకునే వీలున్న ఆ ఒక్కసారీ చూడలేదు. అప్పటిదాకా ఆయన మాట పట్టుకునే బతికాను. ఇప్పటికీ దాన్ని వదల్లేదు.