ఎదురుకాళ్ళ చెన్నమ్మత్త

నిన్న సాయంత్రం వీధిలో నడుస్తుంటే ఎవరింట్లోనో ఆముదం కాగుతున్న వాసన వచ్చింది. ఆముదంతో పాటు జిల్లేడాకు వేడెక్కే వాసన కూడా వస్తే అది నొప్పి కోసమేనని తెలిసిపోతుంది. ఆ గోడ పక్కన కాసేపు నిలబడిపోయాను. లోపల ఎవరో బోర్లా పడుకొని ఉంటారు, ఇంకెవరో ఆకు వేడిని ముందు తమ చెంపకు ఆనించి చూసుకొని నడుము మీద పరుస్తుంటారు. ఆ పరిచే చేతులు ఎవరివైనా నాకు గుర్తొచ్చే మనిషి ఒక్కతే. ఆమెను ఎరిగినవాళ్ళు ఇప్పుడు బద్వేలులో కూడా లేరు. అందుకే రాస్తున్నాను.

పంతొమ్మిది వందల యాభైల మొదట్లో మేము బద్వేలులో ఉండేవాళ్ళం. వేరుశనగను మా వైపు చెనిక్కాయలంటారు; ఆ చెనిక్కాయల మిల్లులో బస్తాల మూతులు కుట్టడం నా పని. బడి చదువు ఐదో తరగతితోనే ఆగినా, పని దిగగానే చేతుల దుమ్ము కడుక్కొని గ్రంథాలయానికి పోయేవాణ్ణి. చరిత్ర, వైద్యం, ఖగోళం, ఏది దొరికితే అది చదివాను. ఊళ్ళో పట్టాలున్నవాళ్ళతో సమానంగా మాట్లాడగలనని నాకు కొంచెం గర్వం కూడా ఉండేది. నా భార్య రత్న, ఐదేళ్ళ కూతురు సుబ్బులు, అప్పుడప్పుడే పాకుతున్న ఓబులేసు, ఇదీ నా సంసారం. పక్కిల్లే చెన్నమ్మది. బిడ్డలు లేరు, మొగుడు పోయాడు. మా మిల్లులోనే చెనిక్కాయలు చెరిగేది. రత్న ఆమెను పెద్దమ్మా అని పిలిచేది కాబట్టి నాకు అత్త అయింది. పుట్టినప్పుడు ఆమెకు తలకంటే ముందు కాళ్ళు బయటికొచ్చాయట. అలా పుట్టినవాళ్ళ పాదం తగిలితే పట్టేసిన నడుము వదులుతుందని మా వైపు నమ్మకం. తెల్లవారేసరికి ఆమె వాకిట్లో ఎవరో ఒకరు బోర్లా పడుకొని ఉండేవారు. ఆమె ముఖం కడుక్కొని, సూర్యుడికి దండం పెట్టి, ఎడమ మడమతో నడుము తొక్కి, "లెయ్, పోయి పని జూస్కోపో, సోమరోడా" అని తరిమేది. డబ్బులు ముట్టేది కాదు.

ఆ ఎండాకాలం బావిలో నీళ్ళు అడుగంటాయి. రత్న బిడ్డను చంకనేసుకొనే చేద లాగుతుంటే, తాడు గిలకలో ఇరుక్కుంది. వంగి గట్టిగా గుంజింది. తాడు ఒక్కసారిగా వదిలేసరికి వెనక్కి రాతి గట్టు మీద పడింది. బిడ్డకు దెబ్బ తగలకుండా తన మీదికి తీసుకుంది. బిడ్డకేమీ కాలేదు. ఆమె మాత్రం లేవలేకపోయింది. మంచం మీద వేసుకొచ్చాము. నడుము పట్టిందనే అందరూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను. మరునాటి పొద్దున చెన్నమ్మత్త వచ్చింది. ఎప్పటిలాగే దండం పెట్టి, ఎడమ మడమ ఆనించి ఒత్తింది. రత్న వేసిన కేక బజారు దాకా వినిపించింది. ఆ తర్వాత కాళ్ళు కదిలించలేనంది.

కడప పెద్దాసుపత్రికి బండి కట్టుకొని పోయాము. చెన్నమ్మత్త పిలవకుండానే ఎక్కి, రత్న తల ఒళ్ళో పెట్టుకుంది. డాక్టరు చూసి, "నడుమెవరు తొక్కారు?" అన్నాడు. మేమెవరమూ నోరు తెరవకముందే చెన్నమ్మత్త ముందుకొచ్చి, "నేనే సామీ, నా కాలే" అంది. ఆయన తిట్టలేదు. పడినప్పుడు ఎంత చెడిందో, తొక్కినప్పుడు ఎంత చెడిందో తాను చెప్పలేనన్నాడు. కుంగే నులకమంచం పనికిరాదు, గట్టి చెక్క మీద వెల్లకిలా పడుకోబెట్టండి, తాను చెప్పేదాకా లేపవద్దు, లేచి నడుస్తుందో లేదో ఇప్పుడే అడగవద్దు అన్నాడు. ఇంటికి రాగానే చెన్నమ్మత్త తన ఇంటి తలుపు ఊడబెరికి, నెత్తిన మోసుకొచ్చి రత్నకు పలకగా మా నడవలో పరిచింది.

"తలుపు లేకుంటే ఎట్టత్తా?" అన్నాను.

"నా ఇంట్లో ఎత్తకపోయేదానికి ఏముండాదప్పా? దొంగొచ్చినా నన్ను జూసి వాడే ఏమన్నా పెట్టిపోతాడు" అంది. తన గుమ్మానికి గోనెపట్ట వేలాడదీసుకుంది. మళ్ళీ ఎవరి నడుము మీదా కాలు పెట్టలేదు. తెలియక వచ్చినవాళ్ళను, "నా కాలి గుణం పోయింది, ఆసుపత్రికి పోండి" అని పంపేసేది.

ఇక మా ఇల్లే ఆమె ఇల్లయింది. పొద్దున మిల్లుకు పోయేముందు, మధ్యాహ్నం కూటి వేళ, సాయంత్రం, ఎప్పుడూ మా నడవలోనే ఉండేది. రత్నను ఆ తలుపు పలక కదలకుండా పక్కకు దొర్లించి ఒళ్ళు తుడవడం, ఆముదం కాచి ఆకు వేయడం ఆమే చేసేది. మిగతావన్నీ నా చేత చేయించేది. సంగటి గెలకడం నేర్పింది. నాకు మొదట్లో అది ఉండలు కట్టేది. "ఇదేందప్పా, సంగటా, గులకరాళ్ళా? బిడ్డ పండ్లు ఊడిపోతాయి" అనేది. సుబ్బులుకు జడ వేయడం రాక నేను ఇబ్బంది పడుతుంటే పలక మీది నుంచి రత్నే, "గోనెసంచి మూతి కుట్టినట్టు కుట్టుకో, వచ్చాది నీకు" అంది. పడిన తర్వాత ఆమె నవ్వడం అదే మొదలు. సాయంత్రాలు గ్రంథాలయం మానేస్తే చెన్నమ్మత్త ఒప్పుకోలేదు. "ఆయమ్మ పొద్దస్తమానం వాసాలు లెక్కబెడతాండాది. పోయి ఏదన్నా కథల పుస్తకం తెచ్చి సదువు" అని తరిమింది. నేను చదువుతుంటే కథలోని వాళ్ళతో తగువు పెట్టుకునేది.

ఒకసారి శరీర నిర్మాణం మీద పుస్తకం తెచ్చాను. వెన్నెముక బొమ్మ చూపించి, ఎన్ని పూసలుంటాయో, వాటి మధ్య నుంచి నరాలెట్లా పోతాయో ఉత్సాహంగా వివరించాను. చెన్నమ్మత్త చేతులు కొంగుకు తుడుచుకొని ఆ పేజీని దగ్గరికి తీసుకుంది. చాలాసేపు చూసి, "నా మడమ పెట్టింది ఈడనా?" అని ఒక పూస మీద వేలు పెట్టింది. రత్న పలక మీది నుంచి, "ఆ పుస్తకం మూయి, నాకు భయమేచ్చాది" అంది. రత్న భయపడింది పుస్తకానికి కాదు, ఆ ప్రశ్నకు నేను చెప్పబోయే జవాబుకు.

వానలు మొదలయ్యాక పల్లె నుంచి మా అక్క వచ్చింది. నేను పిల్లవాడి గుడ్డలు పిండుతుంటే చూసి తల కొట్టుకుంది. "మగోడు పీతిగుడ్డలు పిండేదేందిరా? ఆ పిల్లను వాళ్ళమ్మగారింటికి తోలు. బిడ్డల కోసరమన్నా ఇంగొకదాన్ని తెచ్చుకో" అంది. గోడకు అవతల రత్న వింటున్నదని అక్కకు తెలుసు. చెన్నమ్మత్త చేటలో బియ్యం ఏరుతూ తల ఎత్తకుండానే, "పోయినేడు నీ మొగుని కాలు ఇరిగినప్పుడు నువ్వు ఇంగో మొగుణ్ని తెచ్చుకుంటివామ్మే?" అంది. మా అక్క ఆ సాయంత్రం బస్సుకే పోయింది. రత్న ఆ పూట కూడు తినలేదు. "పెద్దమ్మ నోరు మూయించింది గానీ, నీ అక్క చెప్పింది అబద్ధమా? నా బిడ్డను నేనెత్తుకోలేను" అంది నాతో.

అక్క మాట కంటే పెద్ద దెబ్బ పిల్లవాడి వల్ల తగిలింది. ఓబులేసుకు మాటలొచ్చే వయసు. ఒక మధ్యాహ్నం చెన్నమ్మత్త వాడికి సంగటి తినిపిస్తుంటే, వాడు ఆమె గడ్డం పట్టుకొని "అమ్మ" అన్నాడు. వాడి నోట వచ్చిన మొదటి మాట అది. ఆమె చేయి గాలిలోనే ఆగిపోయింది. రత్న నవ్వబోయి, ముఖం గోడవైపు తిప్పుకుంది. ఒళ్ళు తిప్పడం ఆమె చేతిలో లేదు, ముఖమే తిప్పగలిగింది. చెన్నమ్మత్త వాడిని తీసుకుపోయి పలక మీద, తల్లి పక్కన కూర్చోబెట్టింది. వాడు ఏడుస్తూ దిగి, మళ్ళీ చెన్నమ్మత్త కాళ్ళు చుట్టుకున్నాడు. మర్నాడూ అదే. ఆ మర్నాడు పొద్దున ఆమె ఒక మూట కట్టుకొని మా వాకిట్లోకి వచ్చింది. రాజంపేట దగ్గర తమ్ముడి ఊరికి పోతానంది.

"మేమెట్ట బతకాలత్తా?" అన్నాను.

"బతుకుతారప్పా. సంగటి గెలికేది నేర్చుకుంటివి, దొర్లించేది నేర్చుకుంటివి. నేనీడ ఉన్నంతకాలం వాడు ఆ పలక ఎక్కడు."

"నీ తలుపూ..."

"పండుకోనీ దాని మింద."

రత్న చేయి చాపింది. చెన్నమ్మత్త వంగి ఆ చేతిని కళ్ళకద్దుకొని, పిల్లవాడి వైపు చూడకుండా నడిచిపోయింది. వాడు గోనెపట్ట పట్టుకొని ఊపుతూ, లోపల ఎవరూ లేని ఆ ఇంటి ముందు ఏడ్చాడు. ఎత్తుకుంటే నన్ను రక్కాడు. అన్నం ముట్టలేదు. రత్న పడుకున్న చోటి నుంచే వాడిని పిలిచేది, పాట పాడేది, పిలిచి పిలిచి గొంతు బొంగురుపోయి ఊరుకునేది. చివరికి ఒక పొద్దున నేను నీళ్ళు మోసుకొని వచ్చేసరికి, వాడు పలక మీద తల్లి చంకలో ముఖం పెట్టుకొని నిద్రపోతున్నాడు. రత్న నన్ను కదలవద్దని కళ్ళతో చెప్పింది. బిందె భుజం మీద పెట్టుకొని అలాగే నిలబడ్డాను.

రెండేళ్ళకు రత్న లేచింది, కానీ నిటారుగా కాదు. గోడ పట్టుకొని, సగం వంగి నడిచేది. అంతకుమించి కోలుకోలేదు. బిడ్డను మాత్రం ఎన్నడూ ఎత్తుకోలేకపోయింది. ఆమెకు నిలబడే శక్తి వచ్చేసరికి వాడు ఎత్తుకునే వయసు దాటిపోయాడు.

చెన్నమ్మత్తను పిలుచుకొద్దామని రాజంపేట వైపు పోయాను. చిక్కిపోయి ఉంది. రత్న నడుస్తోందని చెప్పాను. ఆమె అడిగింది మాత్రం ఒక్కటే.

"వాడు ఎవురికాడ పండుకుంటాండాడు?"

"వాళ్ళమ్మ కాడే."

ఆమె తల పంకించింది. "ఇంగ నేను రానప్పా. నన్ను మరిసిపోనీ వాణ్ని" అంది. వాడు మరిచిపోయాడు కూడా. తర్వాతి ఎండాకాలంలో ఆమె పోయింది. కబురు మాకు చేరేసరికి దినాలు కూడా అయిపోయాయి. రత్న ఆ రోజంతా పొయ్యి రాజేయలేదు.

ఎన్నో పుస్తకాలు చదివాను. సాయం చేయడం గురించి రాసినవి చాలా ఉన్నాయి. చేసిన సాయం ఎప్పుడు ఆపాలో నాకు చెప్పినవి లేవు. చుట్టాలిళ్ళలో ఎవరి పసిబిడ్డనైనా నా చేతికిస్తే, ఇప్పటికీ ముందు వాళ్ళమ్మ ఎక్కడుందో చూసుకుంటాను. బిడ్డకు ఆమె కనబడేలా తిరిగి నిలబడి, ఆ తర్వాతే ఎత్తుకుంటాను.