కొట్టివేతల్లేని పన్నెండు ఫారాలు

సార్ పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను బియ్యం కడుగుతున్నాను. చేసింది నాతో ఎమ్మే చదివిన స్నేహితురాలు. తను ఇప్పటికీ చంద్రపూర్‌లోనే ఉంటుంది. "మన సార్ పోయిండ్రట. పొద్దున చాయ్ ఇయ్యనీకి పోతే లేవలేదట" అంది. "అట్లనా" అన్నాను. ఎప్పుడు తీసుకుపోతారని అడిగాను. రెండు గంటలకంది. ఫోన్ పెట్టేసి బియ్యం ఇంకోసారి కడిగి కుక్కర్ ఎక్కించాను. ఏడుపు వస్తుందేమోనని కిటికీ దగ్గర కాసేపు నిలబడ్డాను. రాలేదు. కుక్కర్ కూత వేసింది, దించాను. ఇది రాస్తున్న రోజుకీ ఏడుపు రాలేదు. అందుకే రాస్తున్నానేమో.

ఆయన నాకు ఏమవుతారో మీకు చెప్పాలి. తొంభైల మొదట్లో నేను చంద్రపూర్‌లో అప్లైడ్ ఎకనామిక్స్‌లో ఎమ్మే చదివాను. ఆయన మా సార్, నా గైడు. రాజురా వైపు ఒక పల్లెలో పత్తి పండించే తెలుగు రైతు ఇంట్లో పుట్టారు. చదువంతా మరాఠీలో సాగింది కాబట్టి పాఠం మరాఠీలోనే చెప్పేవారు. క్లాసు గుమ్మం దాటగానే నాతో తెలుగులోకి దిగేవారు. తెలుగు చదవడం మాత్రం ఆయనకు రాదు. అప్పట్లో నాకూ రాదు. పెళ్లయి రాజురా వచ్చాక మా అత్తగారు కూర్చోబెట్టి నేర్పారు. ఈ నాలుగు మాటలు ఆయన బతికుండగా రాసినా, ఎవరో ఒకరు చదివి వినిపించాల్సి వచ్చేది.

సన్నగా, పొడుగ్గా ఉండేవారు. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక సుద్దముక్క ఉండేది, జేబు అడుగంతా తెల్లగా ఉండేది. చాయ్ సాసర్లో పోసుకుని తాగేవారు. ఎవరింటికి వెళ్లినా, అది రేకుల గుడిసె అయినా సరే, చెప్పులు బయటే విడిచి నేలమీద కూర్చునేవారు. సర్వేకి వెళ్లే ముందు మాకు ఆయన నేర్పిన మొదటి సంగతి లెక్కలకు సంబంధించింది కాదు. "ముందుగాల వాళ్లిచ్చిన నీళ్లు తాగాలె. తాగినంక అడగాలె" అనేవారు.

అవి దేశంలో బజారు తెరుచుకుందని పత్రికలన్నీ రాస్తున్న రోజులు. మేం పెద్ద పెద్ద మాటలు బట్టీ పట్టి క్లాసులో అప్పజెప్పేవాళ్లం. ఆయన చివరిదాకా వినేవారు. "మంచిగనే ఉన్నది. మరి దుర్గాపూర్‌ల ఏం తెరుచుకున్నది? పోయి చూసి రాపోండ్రి" అనేవారు. నా డిసర్టేషన్ అలాగే పుట్టింది. ఆ ఏడే చంద్రపూర్ పక్కనున్న మా దుర్గాపూర్‌లో ప్రైవేటు గ్యాస్ దుకాణం పెట్టారు. పక్కనే బొగ్గు గని, అవతల ఊర్జానగర్‌లో కరెంటు స్టేషన్. ఇంత బొగ్గు మధ్య బతికే ఇళ్లలో వంట దేనిమీద అవుతోంది? గ్యాసా, కట్టెలా, సిగిడా? సిగిడి అంటే పాత ఇనుప బకెట్టుకు లోపల మట్టి మెత్తి చేసుకునే బొగ్గు పొయ్యి. అరవై ఇళ్లు తిరిగి అడగాలి. ప్రశ్నల ఫారం సార్ తయారుచేశారు.

నేను దుర్గాపూర్ పిల్లనే. నాన్న గనిలో పనిచేసి, ఊపిరి అందక రెండేళ్ల ముందే మానుకున్నాడు. నలభై ఎనిమిది ఇళ్లు బాగానే తిరిగాను. మిగిలిన పన్నెండూ వ్యాగన్లలో బొగ్గు నింపే సైడింగు వెనక, కూలీల ఇళ్ల లైన్లో ఉన్నాయి. ఒకసారి వెళ్లాను. తాగినవాడొకడు అరుస్తూ వెంటపడ్డాడు, వెనక్కి వచ్చేశాను. మళ్లీ వెళ్లలేదు. అదే సమయంలో ఒక కొత్త కాలేజీ వాళ్లు నన్ను ఉద్యోగానికి తీసుకుంటామన్నారు. జూన్‌లోగా ఎమ్మే పూర్తయినట్టు కాయితం చూపించాలి. ఒక ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో కూర్చుని ఆ పన్నెండు ఫారాలూ నేనే నింపేశాను. ఎవరింట్లో ఎంతమంది ఉంటారో, ఏం వండుకుంటారో నాకు తోచినట్టు రాసుకుంటూ పోయాను. కష్టంగా కూడా అనిపించలేదు.

సార్ అరవై ఫారాలూ బల్లమీద రెండు కట్టలు చేశారు. పెద్ద కట్ట పక్కకు జరిపి చిన్నది నా ముందు పెట్టారు.

"ఈ పన్నెండిట్ల ఒక్క కొట్టివేత లేదు బిడ్డా" అన్నారు. "మనుషులు ఇంత సాఫ్‌గ మాట్లాడరు."

ఆయన తిట్టలేదు. కట్టలోంచి ఒక ఫారం తీసి, "నడు, గీ ఇంటికి పోదాం" అన్నారు. ఆయన స్కూటర్ వెనక కూర్చుని వెళ్లాను.

ఆ ఇంట్లో ఆరుగురు మనుషులు, ఒక సిగిడి, రోజుకు రెండు వంటలు అని రాశాను. ఇంట్లో ఉన్నది ఒకామె, ఆమె కూతురు. కరీంనగర్ వైపు నుంచి గని పనికి వచ్చిన కుటుంబం. భర్త లేడు. సార్ చెప్పులు విడిచి నేలమీద కూర్చున్నారు. ఆమె ఇచ్చిన నీళ్లు తాగారు. "అమ్మా, పొయ్యి ఏది?" అని అడిగారు.

"మా పొయ్యి పక్కింట్ల ఉన్నది సార్" అంది.

"అట్లెట్ల?"

"ఒకనాడు నా బొగ్గు, ఒకనాడు ఆమె బొగ్గు. ఇద్దరికి ఒక్కటే మంట. రెండు సిగిళ్లు మండియ్యాలంటే యాడికెళ్లి తేవాలె?"

"మీ రెండిండ్లేనా?"

"లైన్ల సగం మంది గిట్లనే సార్. ఎవ్వరడగలే, మేం చెప్పలే."

బయటికి వచ్చాక సార్ చాలాసేపు స్కూటర్ స్టార్ట్ చేయలేదు. నన్నింకేమైనా అంటారని చూశాను. ఆయన అన్నది వేరు. "ఏ పొయ్యిమీద వండుతరు అని అడిగినం. ఎవరి పొయ్యి అని అడగలే. ప్రశ్న నేను రాసిన. అంటే నువ్వు నిజంగ తిరిగిన నలభై ఎనిమిది గూడ పనికిరావు. నీ తప్పు పన్నెండు, నా తప్పు అరవై."

కొత్త ఫారం రాశారు. అరవై ఇళ్లూ మళ్లీ తిరగాలన్నారు. జూన్ దాటిపోతుంది సార్ అన్నాను. దాటిపోతుంది అన్నారు. ఈసారి ఇలాగే సంతకం పెట్టండి, తర్వాత మళ్లీ తిరుగుతాను అన్నాను. తల అడ్డంగా ఊపారు, అంతే.

ఆ వారం నాన్న నాకు చెప్పకుండా సార్ ఇంటికి వెళ్లాడు. ఆయన ఇల్లు మేడమీద. నాన్న మెట్టుమెట్టుకూ ఆగి ఎక్కి ఉంటాడు. అక్కడ ఏం జరిగిందో తిరిగొచ్చాక అమ్మతో చెబుతుంటే విన్నాను.

"ఒక్క సంతకం సారూ, నా పోరి జిందగీ అన్న. చాయ్ పోసిండు. మంచిగనే మాట్లాడిండు. సంతకం మాత్రం పెట్టనన్నడు."

"ఇంకేమన్నడు?"

"నా దమ్ము గురించి అడిగిండు. ఏ మందులు తింటున్నవన్నడు."

ఆ ఉద్యోగం వేరేవాళ్లకు పోయింది. నేను అరవై ఇళ్లూ మళ్లీ తిరిగాను. సార్ మూడు ఆదివారాలు నాతో వచ్చారు. సైడింగు వెనక లైన్లో నాకంటే ముందు నడిచారు. నేను ఆయనతో ఫారానికి సంబంధించిన మాటలు తప్ప ఇంకేమీ మాట్లాడలేదు. ఆయనా అడగలేదు. పంచుకున్న పొయ్యిల మీద నేను రాసిన అధ్యాయం బాగుందని వైవాకు వచ్చిన పెద్దాయన మెచ్చుకున్నారు. నాకు సంతోషం కలగలేదు. డిగ్రీ వచ్చింది. నాకు ఇంకోచోట ఉద్యోగం దొరికేసరికి నాన్న లేడు.

నాన్నను తీసుకెళ్లిన రోజు సార్ వచ్చారు. గుంపుకు దూరంగా, ఎండలో నిలబడ్డారు. నేను చూశాను, తల తిప్పుకున్నాను. ఆ తర్వాత పదిహేనేళ్లకు పైగా ఆయన ఇంటి వైపు వెళ్లలేదు.

నేనూ పాఠాలు చెప్పాను, పిల్లల్ని సర్వేలకు పంపాను. ఫారాలు చేతికి రాగానే ముందు కొట్టివేతలు వెతికేదాన్ని. ఆయన నేర్పారు కాబట్టే వెతుకుతున్నానని తెలుసు. ఆయన చేసింది సరైన పనేనని కూడా తెలుసు. అయినా నాన్న ఆ మెట్లు దిగడం తలుచుకుంటే ఆ సరైన పనిని పూర్తిగా ఒప్పుకోలేను. రెండూ నాలో అలాగే ఉన్నాయి, ఒకదాన్నొకటి కొట్టేసుకోలేదు.

పోయినేడాది వెళ్లాను. ఎందుకో చెప్పలేను, బస్సెక్కాను. సార్ మంచంమీద కూర్చుని ఉన్నారు. మాట కొంచెం ముద్దగా వస్తోంది. నన్ను వెంటనే గుర్తుపట్టారు. వాళ్లావిడ నీళ్లిచ్చింది. తాగేదాకా ఆగి అడిగారు.

"నామీద కోపం పోయిందా బిడ్డా?"

"లేదు సార్."

ఆయన నవ్వారు. "మంచిగ చెప్పినవ్" అన్నారు. తర్వాత గోడవైపు చూస్తూ అన్నారు. "మీ నాయిన ఆనాడు మెట్లు దిగుతుంటే వెనకకెళ్లి పిలుద్దామనుకున్న. పిలిస్తే సంతకం పెట్టేసేటోణ్ని. అందుకే పిలువలే."

వచ్చేటప్పుడు మళ్లీ వస్తానన్నాను. వెళ్లలేదు.

ఆ రోజు వంట ముగించి బయల్దేరి, రెండింటికి పావుగంట ముందు సార్ ఇంటికి చేరాను. మేడకింద చాలామంది ఉన్నారు, అందరూ మరాఠీలో మెల్లగా మాట్లాడుకుంటున్నారు. నాకు తెలిసినవాళ్లు ముగ్గురో నలుగురో. ఆయన్ను కిందికి తెచ్చారు. ముఖం బాగా చిన్నదైపోయింది. నా ముందున్నావిడ పక్కకు జరిగి నాకు చోటిచ్చింది. పాదాలకు దండం పెట్టాను. చల్లగా ఉన్నాయి. నా చేతులూ నావి కానట్టే ఉన్నాయి. వాళ్లావిడ నన్ను పట్టుకుని, "వస్తవని అన్నడు, మళ్లొస్తవని అన్నడు" అంది. నేను తల ఊపాను. ఎందుకు ఊపానో.

ఆటోలో బస్టాండుకు తిరిగి వస్తుంటే రైల్వే గేటు పడింది. ఆటోవాడు ఇంజను ఆపేశాడు. చుట్టూ ఉన్న బండ్లూ ఒక్కొక్కటే ఆగిపోయాయి. బొగ్గు వ్యాగన్లు ఒకటి తర్వాత ఒకటి, తొందర లేకుండా వెళ్తున్నాయి. దుమ్ము లేవకుండా బొగ్గుమీద నీళ్లు కొట్టి పంపారు. అడుగు సందుల్లోంచి ఆ నీళ్లు సన్నగా కారుతున్నాయి. ఎంతసేపు పోయిందో ఆ రైలు. చివరి వ్యాగన్ దాటాక పట్టాల మధ్య నల్లని తడి గీత ఒకటి మిగిలింది. గేటు లేచింది. ఎండకు ఆ గీత ఒక చివర నుంచి తెల్లబడుతూ వస్తోంది.