ఎడమ భుజపు డవాలీ

అందరూ డవాలీలక్క అని పిలిచే మన కార్యాలయపు దర్జీ వయసు అరవై ఒకటి. ఆమెను నేను ఇరవై ఎనిమిదేళ్లుగా ఎరుగుదును. నేను ఉత్తరాలకు నకళ్లు రాసే గదికీ, ఆమె కుట్టుగదికీ మధ్య పలుచని చెక్కగోడ మాత్రమే ఉన్నది. మిషను ఆగినా నాకు తెలుస్తుంది.

ఆమె కుట్టేవి డవాలీలు, అంటే ఉద్యోగపు గుర్తుగా ఒంటిపై ధరించే గుడ్డపట్టీలు. సైనికులు పట్టీని నడుముకు చుట్టి ముడిని పక్కకు దించుతారు. బ్యాండువారికి కుచ్చులు మోకాలి దాకా వేలాడాలి. మన బంట్రోతులకు మాత్రం కుడి భుజం నుండి ఎడమ తుంటికి దిగే ఎర్ర డవాలీ, దానిపై ఇత్తడి బిళ్ల. భుజం వద్ద వంపు పెట్టి కుడతారు గనుక ఒక భుజానిది రెండవదానిపై నిలవదు.

ఆమె తమ్ముడు ఇక్కడే బంట్రోతు. అతని కుడి భుజంపై కాలిన పుండు ఎంతకీ మానలేదు. అతనికి ఎడమ భుజానికి కుట్టేందుకు అనుమతి కోరుతూ ఆమె అర్జీ పెట్టుకున్నది.

“ఇవాళ భుజం మారుస్తానంటాడు, రేపు తల మారుస్తానంటాడు!” అన్నారు ఆనాటి అధికారి. తిరస్కరణ ఉత్తరానికి శుభ్రప్రతి రాసినది నేనే.

ఆ వానాకాలం అతడు ఉత్తరాలతో తాడు పట్టుకుని వాగు దాటుతూ, నొప్పి ఓర్వలేక డవాలీని తీసి చేత పట్టుకున్నాడు. ఒంటిచేతికి తాడు నిలవలేదు. శవం దొరికినప్పుడు డవాలీ పిడికిలిలోనే ఉన్నది.

అది జరిగి పన్నెండేళ్లు. నాటి నుండి ఆమె కుట్టే ప్రతి నలభైలో ఒకటి ఎడమ భుజానిదే వస్తున్నది. కిందటి నెల సామాను గుమాస్తా అలాంటి దానిని ఆమె ముందు పడవేశాడు.

“మళ్లీ పాత పాటేనా అక్కా? కుడి ఎడమలు మరిచిపోయావా ఏంటి?”

“నేను కుట్టలేదు నాయనా. నలభైకి నలభై కుడికే కుట్టా.”

“మరి దయ్యం కుట్టిందా?”

ఆమె ఆ డవాలీ కుట్లను వేలితో తడిమి చూసింది. “మా తమ్ముడికి సూదిలో దారం ఎక్కించడం కూడా రాదే!”

గుమాస్తా నవ్వబోయి మానుకున్నాడు.

ఈ నెల కత్తిరింపులన్నిటినీ నేను స్వయంగా చూశాను. నలభైకీ కుడి భుజపు సుద్దగుర్తే ఉన్నది. మధ్యాహ్నం ఆమె నా బల్ల ఎదుట నిలబడి ఉండగా, గోడ అవతల మిషను కొంతసేపు తిరిగింది. ఇద్దరమూ విన్నాము. ఎవరమూ వెళ్లి చూడలేదు. సాయంత్రానికి ముప్పై తొమ్మిది కుడివి, ఒకటి ఎడమది.

పదేపదే పొరపాట్లు చేస్తున్నదన్న కారణంతో ఆమెను తొలగించే ఉత్తరం నిన్న శుభ్రప్రతికై నా వద్దకు వచ్చినది. నా కలం సాగలేదు.

కావున, ఆమెను పనిలో కొనసాగించవలసినదిగానూ, పన్నెండేళ్ల కిందట కోరిన ఎడమ భుజపు అనుమతిని, ఆలస్యంగానైనా, ఆమె తమ్ముని పేరిట మంజూరు చేయవలసినదిగానూ తమరిని సవినయంగా వేడుకొనుచున్నాను. ఆ అనుమతి ఉత్తరానికి శుభ్రప్రతి కూడా నేనే రాయగలవాడను.