ఊరికే ఇచ్చిన పొయ్యి

ఏమే, ఇట్టా వచ్చి సరిగ్గా కూర్చో. చెవి ఇటు పెట్టి కూర్చో. ఆ ఫోను పక్కన పడెయ్... ఓ, అందులోనే రాస్తన్నావా, సరే ఉంచు. నువ్వు రాసిన సాఫ్ట్‌వేరేదో ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు అని ఊరికే పెడితే ఒక్కళ్ళూ రావట్లేదని పొద్దుటి నుంచి మొహం మాడ్చుకుని తిరుగుతున్నావుగా. ఎందుకొస్తారే? ఊరికే ఇచ్చేదాన్ని ఎవరు నమ్మారు? నేను పొయ్యి ఇస్తేనే నమ్మలా.

ఎనభైల్లో మాట. నరసరావుపేటలో మేమున్నది మూడు వాటాల పెంకుటిల్లు. పైన కప్పు ఒకటే. మధ్య గోడలు మాత్రం కప్పు దాకా లేవు. ఒకళ్ళింట్లో తాలింపు పెడితే ముగ్గురిళ్ళల్లో తుమ్ములు. మధ్య వాటా మాది. ఇటుపక్క పిన్ని, చుట్టరికం ఏం లేదు, పిలుపే. అటుపక్క మోటారు మెకానిక్కు భార్య, సాయిబులింటావిడ, వదినా అనేదాన్ని. మా అత్తకి ఆయాసం. అందరం పత్తి కట్టె, మిరప కట్టె పెట్టి వండేవాళ్ళం. మిరప కట్టెకి ఎండుకాయ ఒక్కటి ఉండిపోయిందనుకో, ఆ ఘాటుకి గట్టిగా ఉన్నోళ్ళకే ఊపిరాడదు. మా అత్త మంచం పట్టె పట్టుకుని వంగిపోయేది. డాక్టరు ఒకటే మాటన్నాడు, "పొగ తగలనియ్యొద్దమ్మా, ఇట్టాగే ఉంటే ఈ వానాకాలం దాటదు" అని.

ఈపూరులో మా అక్కోళ్ళింట్లో పొగ గొట్టం పొయ్యి చూశా. వచ్చి నేనే కట్టా. మట్టి, పేడ, ఊక కలిపి తొక్కి, అడుగు కొట్టేసిన కుండలు ఒకదాని మీద ఒకటి పేర్చి పెంకుల్లోంచి పైకి లేపా. పొగంతా బయటికే. సంబరపడ్డా. మర్నాడు పొద్దున్నే అత్తకి మళ్ళీ దగ్గు. చూద్దును గదా, ఈ గోడ మీద నుంచి పిన్ని పొగ, ఆ గోడ మీద నుంచి వదిన పొగ దర్జాగా దిగుతున్నయ్. నా ఒక్కదాని పొయ్యి బాగుంటే ఏం లాభం? మూడూ మారాలి.

"పిన్నీ, నీకూ కట్టిస్తా, మట్టి కూడా నేనే తొక్కుతా" అన్నా.

పిన్ని నన్ను కింద నుంచి పైదాకా చూసింది. "ఊరికేనా?"

"ఊరికే."

"ఊరికే ఎవరు చేస్తారే? నీకేంది దాంట్లో?"

నిజం చెప్పొచ్చుగా అంటావు. మా అత్తకీ ఆవిడకీ మురుక్కాలవ గొడవై మాటల్లేవు. అత్త కోసం అంటే ఇంకో రెండు పుల్లలు ఎక్కువ పెట్టే మనిషి. "నీ కళ్ళు మండకుండా ఉంటయ్" అన్నా. అనుమానం ఇంకా పెరిగింది. సాయంత్రానికి వీధంతా పాకింది. ఆ పొయ్యి కట్టించుకున్నోళ్ళని గవర్నమెంటోళ్ళు పట్టుకుపోయి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేస్తారంట! పిన్నికి అప్పటికే యాభై దాటినయ్. "నిన్నెవరు పట్టుకుపోతారు పిన్నీ!" అని వదిన గుమ్మంలోంచి అరిస్తే వీధంతా గొల్లుమంది. దాంతో ఆవిడకి పంతమొచ్చింది.

వదిన కట్టించుకుంది. కట్టించుకున్న కొన్నాళ్ళకి తలుపేసుకుని వండడం మొదలుపెట్టింది. ఇప్పుడు అనుమానం నా వంతు. నా పొయ్యికేమో గొట్టం గాలి లాగేసి కట్టె గబగబా కాలిపోతా ఉంది. ఆవిడ మోపు మాత్రం తరగట్లా. తలుపు తోసుకుని పోయా.

"నా పొయ్యికి ఏం పెట్టావు వదినా?"

"నీ పొయ్యేంది? మట్టేమన్నా పుట్టింటి నుంచి తెచ్చావా?"

"చూపించు ముందు."

"చూపిస్తే నాదేనని నువ్వు వీధంతా చెప్పుకుంటావు."

ఆ మాట తగిలింది. "నీ పేరే చెప్తా" అని పొయ్యి మీద చెయ్యేసి ఒట్టు పెట్టా. అప్పుడు చూపించింది. గొట్టం మెడలోకి నూనె డబ్బా రేకు ముక్క అడ్డంగా దోపింది. మంట అందుకున్నాక కాస్త లోపలికి తోస్తే వేడి గిన్నె కిందే నిలబడుద్ది. అంతే.

ఆ రోజే ఇద్దరం అనుకున్నాం. ఈ పొయ్యి ఎవరైనా చూసుకోవచ్చు, కట్టుకోవచ్చు, మార్చుకోవచ్చు. మార్చింది మాత్రం దాచకూడదు, మార్చినోళ్ళ పేరే చెప్పాలి. ఇక చూడు, ఊరికే ఇస్తానంటే రానోళ్ళు, "ఆవిడ కట్టిందాంట్లో లోపముందంట, మెకానిక్కు భార్య సరిచేసిందంట" అనేసరికి వచ్చారే! తప్పు పట్టడానికే వచ్చారు. పట్టి, సరిచేసి పోయారు. ఒకావిడ గొట్టంలో వాన పడకుండా పైన మూకుడు బోర్లించింది.

మబ్బులు పడుతున్నయ్, పిన్ని పొగ మాత్రం వస్తానే ఉంది. చివరికి ఆవిడా వచ్చింది, నా దగ్గరికి కాదు, వదిన దగ్గరికి. ఆవిడతోనే కట్టించుకుంది. నన్ను గడప తొక్కనియ్యలా. పోనీ, పొగ ఆగింది, అత్త కాస్త తెరిపిన పడింది.

పిన్ని అనుమానమే ఆగలా. ఒకరోజు మా గుమ్మంలో నిలబడి, "ఇప్పుడన్నా చెప్పవే, నీకేంది దీంట్లో?" అంది. నేను నోరు తెరిచేలోపు మంచం మీద నుంచి అత్త, "నా ఆయాసం. నీ పొగకి చస్తన్నానని కట్టింది" అంది.

"ముందే చెప్పొచ్చుగా?"

"చెబితే కట్టేదానివా?" అన్నా.

"కట్టేదాన్ని కాదు" అని పిన్ని చక్కా పోయింది.

మర్నాడు పొద్దున్నే గోడ మీద నుంచి గుప్పున పొగ, మిరప ఘాటు. బయట వాన. అత్తకి ఊపిరి అందట్లా. పంతానికి పగలగొట్టేసిందని జుట్టు ముడేసుకుంటా పరిగెత్తా. నిజంగానే గొట్టం పీకేసుంది. కుండలన్నీ కింద. పిన్నికి మోచేతుల దాకా మట్టి.

"మా అత్త ఏం పాపం చేసింది పిన్నీ!"

"అరవమాక. ఈ గొట్టం మీ అత్త మంచం వైపే లేచింది, గాలి తిరిగితే మీ పెంకుల్లోకే కొడతంది. ఆ మూలకి మారుస్తన్నా. పిల్లలకి ఇంత గంజి కాద్దామని రాళ్ళ మీద ముట్టించా, ఆర్పేస్తాలే. ముందు మీ అత్తని మంచంతో సహా మీ వదిన వాటాలోకి మార్చండి. నుంచున్నావేంది, కదులు!"

మధ్యాహ్నానికి గొట్టం ఆ మూలకి లేచింది. ఆ వానాకాలం మా అత్త దాటింది. ఇద్దరూ నమ్ముకున్నారనుకుంటున్నావేమో, లేదే! పొద్దున లేస్తే మా అత్త గోడ వైపు తిరిగి వాసన పట్టేది, ఈవిడ ఇవాళ ఏం కాలుస్తందో అని. పిన్నేమో అటునుంచి "ఏమే, ఊపిరి ఆడతందా, ఊరికే మూలుగుతున్నావా?" అని కేకేసేది. ఆ కేక ఆలస్యమైతే మా అత్త నన్ను పోయి చూసి రమ్మనేది, మనిషిని కాదంట, గొట్టాన్ని... ఆఁ, వస్తన్నా, వస్తన్నా, అరవమాకు! మీ అమ్మకి నా మాట మధ్యలోనే అన్నం గుర్తొస్తది. పప్పు చల్లారితే ఏమైద్ది? ఏం చెబుతున్నా, ఆఁ, అట్టా ఒకళ్ళ మీద ఒకళ్ళు కన్నేసి ఉంచుకుంటానే ఆ ఇద్దరూ ఇంకా ఎన్ని వానాకాలాలు దాటారో!